కొలిచేటోని కొలత ఎవరు తీయాలె?

"కోటాల వచ్చినోడు చేసిన విమానం నువ్వెక్కుతవా?"

ఈ ప్రశ్న నేను మొదటిసారి విన్నది 1990 సెప్టెంబరుల, మా కంపెనీ క్యాంటీన్‌ల. అడిగింది ఒక ఇంజనీరు. నన్ను అడగలే, తన ఎదురుంగ కూసున్న ఇంకో ఇంజనీరును అడిగిండు. కానీ నా టేబులు దాక వినబడాలని గొంతు పెంచి అడిగిండు. అందరు నవ్విండ్రు. నేను తలవంచుకొని తిన్న. మిత్రులారా, ఆ రోజు తల వంచుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే. ఈ వ్యాసం ఆ కోపంతోనే రాస్తున్న.

ఆ నెలల దేశమంతా అదే ప్రశ్న. 1990 ఆగస్టు 7న ప్రధాని వి.పి. సింగ్ మండల్ కమిషన్ సిఫారసు అమలు చేస్తమని పార్లమెంటుల ప్రకటించిండు. కేంద్ర ఉద్యోగాలల్ల వెనుకబడిన కులాలకు 27 శాతం. అంతే, అగ్రకులాల పిల్లలు రోడ్ల మీదికొచ్చి చీపుర్లు పట్టి ఊడ్చిండ్రు. కూసొని బూట్లు పాలిష్ చేసిండ్రు. రిజర్వేషన్లు వస్తే మాకు ఇదే గతి అని లోకానికి చూపెట్టనీకి. మా అవ్వ ఊడ్చిన వాకిళ్లు, మా నాయిన కుట్టిన చెప్పులు వాళ్ల లెక్కల గతిలేనితనం. ఫోటో కోసం వాళ్లు ఒక పూట పట్టిన చీపురును మావోళ్లు తరతరాలు పట్టిండ్రు. దానికి ప్రతిభ అని పేరు పెట్టినోడు ఒక్కడు లేడు. మా కంపెనీల ఊడ్చేటోళ్లు, పాయిఖానాలు కడిగేటోళ్లు వందకు వంద మంది మావోళ్లే. ఆ రిజర్వేషన్ రద్దు చేయాలని ఏ స్టూడెంటు ధర్నా చేసిండు?

ఆ ఇంజనీరు ఏడాదికి నాలుగుసార్లు కంపెనీ ఖర్చుతోని ఢిల్లీకో బొంబాయికో విమానంల పోయొచ్చేటోడు. అప్పుడు బేగంపేటే మన విమానాశ్రయం, 2008 మార్చిల శంషాబాద్ తెరిచేదాక. ఆయన కూసున్న విమానానికి దిక్కు చూపిన పెట్టెలల్ల ఎన్నింటి కార్డులు నా బెంచి మీదికెళ్లి పోయినయో ఆయనకు తెల్వదు. తెలిసినా ఒప్పుకోడు. అప్పటికి ఆరేండ్ల సంది నేను చేస్తున్న పని అదే. విమానాలకు దారి చెప్పే రేడియో బీకన్ ట్రాన్స్‌మిటర్ల కార్డులను అలైన్ చేసుడు, కాలిబ్రేట్ చేసుడు.

ఆ కంపెనీ పేరు రాయను. ప్రభుత్వరంగ సంస్థ, అంతవరకు చాలు. హైదరాబాద్‌ల ఎలక్ట్రానిక్స్ అంటే బాలానగర్‌ల 1965ల పెట్టిన హెచ్ఏఎల్, 1967ల ఎ.ఎస్. రావు ముందుండి నిలబెట్టిన ఈసీఐఎల్ అందరికి యాదికొస్తయి. నేను పనిచేసింది ఆ రెండిట్ల కాదు.

ముందుగాల ఆ పెట్టె ఏందో చెప్త. ఇంగ్లీషుల నాన్ డైరెక్షనల్ బీకన్ అంటరు, మేము ఎన్డీబీ అంటుంటిమి. విమానాశ్రయం దగ్గర్ల ఖాళీ జాగల ఒక చిన్న అర్ర, పక్కన స్తంభాల మీద గుంజి కట్టిన తీగ, అర్రల ట్రాన్స్‌మిటరు. అది పాటలు పాడదు, వార్తలు చదవదు. రాత్రి పగలు తన పేరొక్కటే చెప్తది. రెండు మూడు అక్షరాలు, మోర్స్ కోడ్‌ల, చుక్కలు గీతలు. విమానంల ఉన్న పరికరం ముల్లు ఆ సిగ్నలు వచ్చే దిక్కుకు తిరుగుతది. మబ్బు కమ్మినా, కింద దీపం కనబడకపోయినా పైలటు ఆ ముల్లును నమ్ముకొని వస్తడు.

అందుకే దాని మీద నియమాలు గట్టివి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ లెక్క ప్రకారం దాని ఫ్రీక్వెన్సీ పదివేలకు ఒకటి కన్న ఎక్కువ తప్పొద్దు. అంటే 300 కిలోహెర్ట్జ్ మీద నడిచే బీకను 30 హెర్ట్జ్ దాటి అటు పోవద్దు, ఇటు రావద్దు. పేరు చెప్పే టోను 1020 హెర్ట్జ్ ఉండాలె, లేకుంటే 400. మాడ్యులేషన్ లోతు 95 శాతానికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. పవరు సగం కన్న కిందికి పడ్డా, పేరు చెప్పుడు ఆగిపోయినా మానిటరు అప్పటికప్పుడే పట్టుకోవాలె. ఆసిలేటర్ కార్డు, కీయర్ కార్డు, మాడ్యులేటర్ కార్డు, మానిటర్ కార్డు. వరుసగ నా బెంచి మీదికి వచ్చేటివి. అంకెలు తెప్పించే బాధ్యత నాది. అంకెలు వచ్చినంక "ఇన్‌స్పెక్టెడ్" అని సంతకం చేసే హక్కు మాత్రం ఇంకొకరిది.

మాది పిట్లం. 2016 సంది కామారెడ్డి జిల్లా, నేను పుట్టినప్పుడు నిజామాబాద్ జిల్లా. మంజీర మీద 1931ల కట్టుడు అయిపోయిన నిజాంసాగర్ మాకు దగ్గరే. నీళ్లు పారాలంటే భూమి ఉండాలె గద. మాకు లేకుండె. మా నాయిన పటేలు దగ్గర జీతమున్నడు. ఊర్ల చాటింపు గూడ ఆయనే వేసేటోడు. పంచాయతీ పన్ను కట్టమన్నా, చెరువు తూము తీస్తున్నమన్నా, డప్పు పట్టుకొని గల్లీ గల్లీ తిరిగి అరిచేది ఆయనే. ఊరందరికి కబురు అందించే మనిషి ఊరి బావిల చేద వేయనీకి లేకుండె.

పంచాయతీ ఆఫీసుల ఒక రేడియో ఉండె, గోడకు లౌడ్‌స్పీకరు. పొద్దుగూకంగ హైదరాబాద్ కేంద్రం పెట్టేటోళ్లు. అందరు అరుగు మీద కూసొని వినేటోళ్లు. మేము యాపచెట్టు కింద నిలబడి వినేటోళ్లం. గాలిల వచ్చే మాటకు అంటు లేదు, అది మోగే అరుగుకు ఉన్నది. ఆ పెట్టె లోపల ఏమున్నదో చూడాలని నాకు అప్పుడే పట్టుకున్నది. చూడనిచ్చినోడు లేడు గనుకనే పట్టుకున్నదేమో.

అంతకన్న గట్టిగ నా మనసుల నాటుకున్నది కల్లం. నాకు ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో. పంట ఇంటికొచ్చే కాలంల నాయినెంట పోయిన. రాశి అంతా పటేలు ఇంటికి పోయినంక మట్టి కలిసిన అడుగు గింజలు మాకు. ఆ గింజలు కొలిచి పోసేటందుకు ఒక కుంచం, రైతుల కాడ అప్పు గింజలు తీసుకునేటందుకు ఇంకో కుంచం. ఇచ్చే కుంచం అడుగు లోపలికి సొట్టపోయి ఉన్నది. పిల్లోనికి గూడ కనబడే సొట్ట అది. "నాయినా, ఇది చిన్నగున్నది గద" అన్న. నాయిన నా మెడ మీద చెయ్యేసి పక్కకు గుంజిండు. "నోరు మూయి బిడ్డా. కొలిచేటోడు పటేలు, కుంచం గూడ పటేలుదే" అన్నడు. తూనికలు కొలతల చట్టం ఈ దేశంల 1956లనే వచ్చింది. ప్రతి కొలతకు సర్కారు ముద్ర ఉండాలని రాసిండ్రు. ఆ ముద్ర పట్టుకొని మా కల్లంలకు ఎవడు రాలే.

హాస్టలు తిండి, హాస్టలు నల్లులు, పదో తరగతి, నిజామాబాద్‌ల ఐటిఐ, రేడియో అండ్ టీవీ మెకానిక్ ట్రేడు. అవన్నీ ఈ పుస్తకంల ఇంకా చాలామంది రాసే ఉంటరు, నా కథ వాళ్ల కథకు వేరేం కాదు. అప్రెంటిస్ చేసి, రాతపరీక్ష రాసి, 1984ల రోస్టర్ పాయింటు మీద ఆ కంపెనీల టెక్నీషియన్‌గ చేరిన. రోస్టర్ అనే మాట దాచుకోను. రోస్టర్ లేకుంటే నా అప్లికేషన్ కవరు విప్పేటోళ్లు గూడ కాదు.

మొదటి రోజు ఒక సీనియర్ బెంచి కాడ నిలబడ్డ. కార్డు మీద కరెంటు ఉన్నది, ఆయన ట్రిమ్మర్ తిప్పుతున్నడు. మంచిగ కనబడాలని ఇంత వంగి చెయ్యి దగ్గరికి పెట్టిన. "ఏయ్, ముట్టకు! దూరం జరుగు!" అన్నడు. నా ఒళ్లు సచ్చుబడ్డది. చిన్నప్పటి సంది విన్న మాట అదే స్వరంల వచ్చింది. చెయ్యి వెనకకు తీసుకొని గోడకు ఆనుకున్న. అప్పుడు పాతబస్తీ నుంచి వచ్చే ముసలి టెక్నీషియన్ ఒకాయన, అందరు ఉస్తాద్ అనేటోళ్లు, నా మొఖం చూసి సంగతి పట్టిండు. నా చెయ్యి పట్టుకొని కార్డు దగ్గరికి తీసుకపోయిండు. కౌంటరు అంకె కదిలింది. తర్వాత తన చెయ్యి పెట్టిండు. మళ్ల కదిలింది. ఆ సీనియర్ చెయ్యి గూడ గుంజి పెట్టిండు. ఆయన జంధ్యం వేసుకున్నోడే. అదే తీరు కదిలింది. "దేఖా బేటా? ఎవని చెయ్యి వచ్చినా గింతే" అన్నడు.

మనిషి ఒంటికి కెపాసిటెన్స్ ఉంటది. సర్క్యూట్ దగ్గరికి ఏ ఒళ్లొచ్చినా ఫ్రీక్వెన్సీ జరుగుతది. అందుకే లోహపు స్క్రూడ్రైవర్ వాడం, ప్లాస్టిక్‌దో పింగాణీదో వాడుతం. తిప్పినంక చెయ్యి దూరం తీసి అంకె చదువుతం. ఆ సర్క్యూట్ నాకు తెలిసిన మొదటి న్యాయస్థానం. అది పేరడగలే, ఊరడగలే, ఇంటిపేరు అడగలే.

ఆ పని ఒక్క రోజుల వచ్చేది కాదు. ముందు వోల్టేజీలు చూడాలె, షార్టు లేదని చూసి కరెంటు ఇయ్యాలె. ఇచ్చినంక అరగంట ముట్టొద్దు. క్రిస్టల్, ట్రాన్సిస్టర్లు కాకెక్కి ఒక నిలకడకు రావాలె. సల్లగున్నప్పుడు తిప్పి సరిచేస్తే కాకెక్కినంక తప్పిపోతది. కొత్తోళ్లందరు చేసే తప్పు ఇదే. తర్వాత మాడ్యులేషన్. సీఆర్వో తెర మీద అల ఉబ్బుతది, సన్నబడుతది. 95 శాతం అంటే సన్నబడ్డ కాడ నడుము దాదాపు మూసుకపోవాలె, కానీ తెగొద్దు. తెగితే పక్క ఫ్రీక్వెన్సీల మీద చెత్త చిమ్ముతది. తర్వాత పవర్ యాంప్లిఫయర్. దాన్ని డమ్మీ లోడ్ మీద పెట్టి ట్యూన్ చేస్తం. అసలు తిప్పలు సైటు కాడ. 300 కిలోహెర్ట్జ్ అల పొడుగు ఒక కిలోమీటరు, మన స్తంభం చూస్తే ముప్పై మీటర్లు. ఆ పొట్టి తీగను అంత పొడుగు అలకు ఒప్పించనీకి పెద్ద కాయిలు కావాలె. వానకాలంల ఇన్సులేటర్లు తడిస్తే ట్యూనింగ్ జరిగిపోతది, పవరు వెనుకకు కొడుతది, మానిటరు మొత్తుకుంటది. నాలుగేండ్లు పట్టింది నాకు ఇదంతా చేతికి రావడానికి. ఉస్తాద్ నేర్పిండు, పుస్తకం నేర్పింది, కాలిపోయిన ట్రాన్సిస్టర్లు నేర్పినయి.

ఇది ఎందుకింత చెప్తున్ననంటే, ఈ మధ్య మనోళ్లే కొందరు, కవిత్వం రాసే పిల్లలు, నా కథ విని "అన్నా, డప్పు కాపిన చేతులు గద, నీ రక్తంల ట్యూనింగ్ ఉన్నది" అంటున్నరు. ప్రేమతోనే అంటున్నరు. కానీ నాకు నచ్చదు. మా నాయిన డప్పును మంట మీద కాపి వేలితోని కొట్టి చూసేది నిజమే. ఎక్కువ కాగితే తోలు పగులుతది, తక్కువ కాగితే బుడబుడ అంటది, అదీ నిజమే. కాక ఎక్కనియ్యాలె అని పుస్తకంల చదివినప్పుడు నాయిన యాదికొచ్చిండు, కాదనను. అయితే ఆయన తోలు కాపుడు నేర్చుకున్నది రక్తంల కాదు, వాళ్ల నాయిన దగ్గర, తన్నులు తిని. రక్తంల విద్య ఉంటదని ఒప్పుకుంటే మనువు గెలిచినట్టే. వాళ్ల రక్తంల వేదం, మన రక్తంల తోలు అని ఆయన చెప్పిందీ అదే గద. మనది అని ముద్దుగ చెప్పుకున్నా అది ఆ పాత సంకెలే.

ఇగ అసలు సంగతికి వస్త. 1990 అక్టోబరు. క్యాంటీన్‌ల ఆ ప్రశ్న వినబడ్డ నెల తిరగలేదు. నేను సరిచేసి పంపిన ఆసిలేటర్ కార్డులు పదకొండు ఇన్‌స్పెక్షన్ నుంచి తిరిగొచ్చినయి. నియమం 30 హెర్ట్జ్ అయినా, ఏండ్ల మీద క్రిస్టల్ ముసలిదైతది గనుక మా దగ్గర 10 హెర్ట్జ్ లోపలనే ఉండాలని కట్టుబాటు. పదకొండింటి మీద ఎర్ర స్టిక్కరు. 18 హెర్ట్జ్ ఎక్కువ, 18 ఎక్కువ, 17 ఎక్కువ, 18 ఎక్కువ. ఆ సాయంత్రమే మెమో. నైపుణ్య లోపం, నిర్లక్ష్యం, ప్రజల ప్రాణభద్రతకు సంబంధించిన పరికరం, ఏడు రోజులల్ల సంజాయిషీ. మెమో నా చేతికిచ్చిన ఆఫీసరు నోటితోని చెప్పింది కాయితం మీద లేదు. "మీవాళ్లను సెన్సిటివ్ పనిలో పెట్టొద్దని నేను మొదట్నుంచీ చెబుతున్నా" అన్నడు.

పక్క బెంచి వాని కార్డులు గూడ ఆరు తిరిగొచ్చినయి, అదే 18తోని. వాడు మంచోడే, పేరు చివర ఒక తోక ఉన్నోడు. వానికి మెమో లేదు. "కొంచెం చూసుకోండి" అన్నరంతే. వాడు గమ్మున ఇన్‌స్పెక్షన్ రూముకు పోయి, వాళ్ల కౌంటరు ముందర కూసొని ఆరింటిని తిప్పి సరిచేసుకున్నడు. నన్ను గూడ "సర్దుకోరాదూ, గొడవెందుకు" అన్నడు.

నేను ఆ రాత్రి నిద్రపోలే. తప్పు నాదేనేమో అని. మన మీద వెయ్యేండ్లు చేసిన పని ఇది మిత్రులారా. మెమో రాంగనే ముందు మనల్ని మనమే అనుమానిస్తం. నా చేతులు నేను చూసుకున్న. తెల్లారగట్ల ఆ అంకెలు మళ్ల చదివిన. 18, 18, 17, 18. అప్పుడు తట్టింది. తప్పు చేతిదైతే ఒకటి మీదికి, ఒకటి కిందికి, చిందరవందర ఉంటది. పదకొండు కార్డులు, వేరే బెంచివి ఆరు, అన్నీ ఒకే దిక్కుకు, ఒకే అంత ఎట్ల తప్పుతయి? ఒకే దిక్కుకు ఒకే అంత తప్పుతున్నయంటే తప్పు చేతిల లేదు, కొలతల ఉన్నది.

కుంచం!

కానీ ఆ కౌంటరును అనుమానించుడు అంటే చిన్న మాట కాదు. ఫారిన్‌ది. ఏసీ రూముల ఉంటది. మేము చెప్పులిడిచి పోయే రూము అది, దుమ్ము కోసమంటరు లెండి. నా బెంచి మీదిది మామూలు కౌంటరు. ఫారిన్ కౌంటరు తప్పు, నా డబ్బా కరెక్ట్ అని ఒక మాదిగ టెక్నీషియన్ అంటే ఎవరు వినాలె? ఉస్తాద్ విన్నడు. "మన మాట ఎందుకు, ఢిల్లీని అడుగుదాం" అన్నడు.

ఢిల్లీల నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉన్నది. ఈ దేశంల సెకనుకు, ఫ్రీక్వెన్సీకి అదే పెద్ద దిక్కు. 1967 సంది సెకను అంటే సీజియం అణువు లెక్క, 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 కంపనాలు. కొలిచే ప్రతి పరికరాన్ని దానికన్న మంచి పరికరంతోని పోల్చాలె, దాన్ని ఇంకా మంచి దానితోని. అట్ల పోల్చుకుంట పోతే చివరికి ఆ లేబొరేటరీ దాక చేరాలె. ఆ గొలుసు తెగిన పరికరం ఎంత ఖరీదైనదైనా అది చూపే అంకెకు విలువ లేదు. కాలిబ్రేషన్ అంటే ఇదే. ఆ రోజులల్ల ఆ లేబొరేటరీ ఏటీఏ అనే పేరుతోని 10 మెగాహెర్ట్జ్ మీద ఒక ప్రామాణిక సిగ్నలు గాలిలకు ఇడిచేది. ఎవరైనా వినొచ్చు. దానికి అరుగు లేదు, యాపచెట్టు లేదు.

స్టోర్సుల మూలకు పడ్డ పాత షార్ట్‌వేవ్ రిసీవరు తెచ్చినం. ఏటీఏ పట్టినం. సెకను సెకనుకు టిక్కు టిక్కు. ఉస్తాద్ పెద్ద మనిషి గనుక ఇన్‌స్పెక్షన్ రూములకు రిసీవరు తీసుకపోనిచ్చిండ్రు. అక్కడి కౌంటరు లోపల గూడ 10 మెగాహెర్ట్జ్ క్రిస్టలే ఉంటది. అది సరిగ్గ ఉంటే రెండు కలిసినప్పుడు చప్పుడు ఉండొద్దు. కౌంటరు వెనుక సాకెట్ నుంచి చిన్న తీగ రిసీవరు ఏరియల్ దగ్గరికి పెట్టినం. ఈల! రూమంతా వినబడ్డ ఈల. లెక్క చూస్తే ఆరు వందల హెర్ట్జ్‌కు దగ్గర. 10 మెగాహెర్ట్జ్ మీద ఆరు వందలు అంటే 300 కిలోహెర్ట్జ్ మీద 18. తర్వాత నా బెంచి కౌంటరు తెచ్చి అదే తీరు తీగ పెట్టినం. ఈల లేదు. సిగ్నలు సెకనుకు నాలుగైదు సార్లు మెల్లగ ఊగింది, అంతే.

విప్పి చూస్తే తెలిసింది. ఆ ఫారిన్ కౌంటరు క్రిస్టల్ ఒక చిన్న పొయ్యిల ఉంటది, ఓవెన్ అంటరు. ఎప్పుడు ఒకే వేడి మీద ఉంచుతది. ఆ పొయ్యి హీటరు కాలిపోయింది. ఏసీ రూముల సల్లటి క్రిస్టల్‌తోని అది అందరి తలరాతలు రాస్తున్నది. దాని పక్కన అంటించిన కాలిబ్రేషన్ స్టిక్కరు మీద గడువు తారీఖు ఎప్పుడో దాటిపోయింది. రోజుకు పది మంది చూసే స్టిక్కరు అది. ఒక్కడు చదవలే.

నా పదకొండు కార్డులు నేను పంపినట్టే పాసైనయి. తిరిగి విప్పాల్సొచ్చింది పక్క బెంచి వానివి ఆరు. తప్పు కొలతకు తల వంచి సరిచేసిన కార్డులు గద, అవే తప్పు కార్డులైనయి.

ఇగ ఇప్పుడు ఆ క్యాంటీన్ ప్రశ్న దగ్గరికి పోదాం. కోటావాడు చేసిన విమానం ఎక్కుతవా అని అడుగుతున్నవు. ఎక్కుతనే ఉన్నవు. నా చెయ్యి సరిచేసిన సిగ్నలు వెంబడి పోయి దిగుతనే ఉన్నవు. నేను అడిగేది వేరే. ప్రతిభ ప్రతిభ అంటివి, ఆ ప్రతిభను కొలిచే నీ మీటరును చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేసిండ్రు? దేనితోని పోల్చిండ్రు? దాని స్టిక్కరు మీద తారీఖు ఏంది?

మా కంపెనీల ప్రమోషన్లకు రాతపరీక్ష ఉండె, ఇంటర్వ్యూ ఉండె. రాతపరీక్ష పేపర్ల మీద పేరుండదు, నంబరుంటది. అక్కడ మావోళ్లు నలుగురం ఒకడు పైన, ఒకడు నడుమ, ఒకడు కింద, ఎవని చదువు తీరుగ వాడు ఉంటిమి. ఇంటర్వ్యూల పేరుంటది, మొఖముంటది. అక్కడ నలుగురికి ఒకే తీరు మార్కులు, అన్నీ ఒకే దిక్కుకు, కిందికి. ఒక్కసారి కాదు, మూడు సార్లు. చిందరవందరగ ఉంటే మా తప్పు అనుకుందుము. ఒకే దిక్కుకు ఒకే అంత ఉంటే అది ఎవరి తప్పో ఆసిలేటర్ కార్డులు నాకు నేర్పినయి. మా నలుగురిని ఇంటర్వ్యూ చేసిన బోర్డుల ఒక్కసారి గూడ మావోడు లేడు. గొలుసు మొత్తం వాళ్లే. వాళ్ల మీటరును వాళ్ల మీటరుతోనే పోల్చుకుంటరు, సరిగ్గ ఉన్నదని స్టిక్కరు వేసుకుంటరు.

పైగ ఆ మీటరు మనల్ని చూసినప్పుడే పనిచేస్తది. 1986ల ఎన్.టి. రామారావు ప్రభుత్వం వెనుకబడిన కులాల రిజర్వేషన్ 25 నుంచి 44 శాతానికి పెంచితే మన రాష్ట్రంల ప్రతిభ చచ్చిపోయిందని రోడ్లెక్కిండ్రు. హైకోర్టు కొట్టేసేదాక దిగలే. అదే రాష్ట్రంల క్యాపిటేషన్ ఫీజు పోసి డాక్టరు సీట్లు, ఇంజనీరు సీట్లు కొనుక్కుంటుంటే ఒక్క చీపురు లేవలే. ఆ ఫీజుల కథ చివరికి 1993ల ఉన్నికృష్ణన్ కేసుల సుప్రీంకోర్టు దాక పోయింది. డొనేషన్ డాక్టరు కోసిన ఆపరేషన్ నువ్వు చేయించుకుంటవా అని క్యాంటీన్‌ల ఎవడన్న అడిగిండా? ఇంకా ఈ మధ్య సంగతి చూడుండ్రి. 2019 జనవరిల 103వ రాజ్యాంగ సవరణ చేసి, రిజర్వేషన్ లేని కులాల పేదలకు 10 శాతం ఇచ్చిండ్రు. ఏడాదికి ఎనిమిది లక్షల ఆదాయం లోపలున్నోడు పేదోడంట. 2022 నవంబరుల సుప్రీంకోర్టు సరేనన్నది. ఆ రోజు ప్రతిభ ఎక్కడ పండుకున్నది? విమానాలు ఎందుకు కూలిపోలే? బూట్లు పాలిష్ చేసిన చేతులు ఆ రోజు అప్లికేషన్లు నింపుతున్నయి. పేదోనికి ఇస్తే నాకు బాధ లేదు. వాని పేదరికం చూసినప్పుడు తెరుచుకున్న కండ్లు నా వెలివాడను చూసినప్పుడు ఎందుకు మూసుకుంటయో అదొక్కటి చెప్పుండ్రి.

మనోళ్లు కొందరు దీనికి ఒక జవాబు చెప్తరు. ప్రతిభ అనేదే అబద్ధం, కొలతలే వద్దు అంటరు. నేను ఒప్పుకోను. కొలత వద్దంటే 18 హెర్ట్జ్ తప్పు మీద నేను ఎట్ల గెలుస్తును? బీకను ముప్పై హెర్ట్జ్ దాటకూడదు, దాటితే దించెయ్యాల్సిందే, చేసినోడు ఎవడైనా సరే. మా నాయినను మోసం చేసింది కుంచం కాదు, సొట్టపోయిన కుంచం. అది పటేలు చేతిల్నే ఉండుడు. నాకు కొలత కావాలె. అందరి ముందర పెట్టిన కొలత కావాలె. నేను గూడ ఎత్తి, తిప్పి, అడుగు తట్టి చూసే కొలత కావాలె.

ఉపగ్రహాలు వచ్చినంక ఎన్డీబీలకు కాలం చెల్లింది. మన దేశపు గగన్ వ్యవస్థకు 2015ల విమానాలు దిగేటందుకు గూడ సర్టిఫికెట్ వచ్చింది. లోకమంతట పాత బీకన్లు ఒక్కొక్కటే బందు పెడుతున్నరు. అందుకు నాకేం ఏడుపు లేదు. మంచిది వస్తే పాతది పోవాలె. మా బెంచి గూడ ఎత్తేసిండ్రు. ఉస్తాద్ పోయి చానా ఏండ్లాయె. నాయిన అంతకన్న ముందే పోయిండు. ఆ ఈల సంగతి నేను పిట్లం పోయినప్పుడు ఆయనకు చెప్పిన. అంతా విని, "మరి పటేలు ఏమన్నడు?" అని అడిగిండు. ఆఫీసరును ఆయన పటేలనే అనేటోడు.

ఏమన్నడంటే, ఏమనలే. "ఇన్‌స్ట్రుమెంట్ ప్రాబ్లమ్" అన్నడు. కౌంటరును రిపేరుకు పంపిండ్రు, కొత్త స్టిక్కరుతోని వచ్చింది. మెమోను వాపసు తీసుకుంటున్నమని కాయితం ఇయ్యమని అడిగిన. అవసరం లేదు, అయిపోయింది గద అన్నరు. మూడు ప్రమోషన్ బోర్డుల ముందర నా ఫైలుల ఆ మెమో ఉన్నది, దాని జవాబు లేదు.

2021ల రిటైరైన. ఆ ఏడాదే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టిన. 1990 అక్టోబరు మెమో కాపీ, దానికి నేను ఇచ్చిన సంజాయిషీ కాపీ, ఆ కౌంటరు రిపేరు రిపోర్టు కాపీ, మూడు అడిగిన. నెల లోపలనే జవాబొచ్చింది. మెమో కాపీ జతచేసిండ్రు, ముద్ర వేసి, సంతకం పెట్టి. మిగిలిన రెండు కాయితాలు రికార్డుల దొరుకుత లేవని రాసిండ్రు. మొదటి అప్పీలుకు గూడ అదే జవాబు. రెండో అప్పీలు వేసిన.